మేఘమును పరీక్షించు తుఫాను

క్లౌడు అను మాట నేడు మనలో ఎవరికిని క్రొత్తది కాదు. విద్యార్థి పరీక్షాఫలితమును, రోగి రక్తపరీక్ష వివరమును, రైతు భూమిపత్రపు నకలును ఎక్కడనో భద్రపరచి, అడిగినప్పుడు అందించు యంత్రసముదాయమునకు ఆ పేరు వ్యాపించినది. పేరు మేఘమే గాని ఉనికి నేలమీదనే. చల్లబరచిన గదులలో, ఇనుప చట్రములలో, వరుసలు వరుసలుగా పేర్చిన సర్వరులే ఆ మేఘము. ఆ సర్వరుల శక్తిని భాగములుగా విడదీసి, అడిగినవారికి అడిగినంత కంప్యూటరును, అడిగినంత నిలువచోటును, వానిని కలుపు నెట్‌వర్కును ఇచ్చు ఏర్పాటును క్లౌడు యొక్క మూలవ్యవస్థ యనవచ్చును. అట్టి వ్యవస్థ నొకదానిని కట్టి ముగించిన పిదప, అది సరిగా పనిచేయుచున్నదని చెప్పవలసినవారెవరు? కట్టినవారి మాట చాలునా? ఈ ప్రశ్నకు సమాధానముగా వాడుకలోనికి వచ్చిన సాధనములలో ఒకదానిని గూర్చియు, దానిని స్థాపించి అమర్చు తీరును గూర్చియు ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ఆ సాధనము పేరు టెంపెస్టు. ఆంగ్లమున ఆ మాటకు తుఫాను అని అర్థము. సముద్రతీరమున పుట్టి పెరిగిన మన జిల్లాలవారికి ఈ పేరు చెవికింపు గాకపోవచ్చును. అయినను మేఘమును కదిపి చూచుటకు ఇంతకంటె తగిన పేరు దొరకుట కష్టమే.

టెంపెస్టు పరీక్షించునది ఓపెన్‌స్టాక్ అను క్లౌడును. ఎవరైనను ఉచితముగా తీసికొని తమ సర్వరులమీద సొంత క్లౌడును కట్టుకొనుటకు వీలైన ప్రోగ్రాముల సముదాయమే ఓపెన్‌స్టాక్. 2010వ సంవత్సరమున అమెరికాలోని అంతరిక్షసంస్థయగు నాసాయు, రాక్‌స్పేస్ అను కంపెనీయు కలిసి దీని నారంభించినవి. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయము 2013 నుండి తన గణనకార్యమునకు దీనిని వాడుచున్నది. ఇది ఒక్క ప్రోగ్రాము గాదు. ఉమ్మడి కుటుంబము వంటిది. కీస్టోన్ అనునది వచ్చినవా డెవడో గుర్తించి లోనికి విడుచును. నోవా కంప్యూటరులను సృష్టించి యిచ్చును. అవి నిజమైన పెట్టెలు గావు. ఒకే సర్వరులో పెక్కు కంప్యూటరులున్నట్లు నడపబడు కల్పితయంత్రములు. గ్లాన్స్ ఆ యంత్రములకు కావలసిన అచ్చులను, అనగా ఇమేజీలను, దాచియుంచును. న్యూట్రాన్ నెట్‌వర్కును, సిండర్ డిస్కులను సమకూర్చును. వీనిలో ఒక్కొక్కటియు విడిగా చక్కగానే పనిచేయుచుండవచ్చును. చిక్కులన్నియు ఒకటి మరియొకదానిని పిలిచినప్పుడే బయటపడును. కోడళ్లందరును ఎవరికి వారు మంచివారే. వంటయింటిలో కలిసినప్పటి సంగతి వేరు.

అందుచేత టెంపెస్టు ఈ కుటుంబమును కలిపియే పరీక్షించును. అది మామూలు వాడుకరివలె వీధివాకిటినుండి వచ్చును. కల్పితయంత్రము నొకదానిని ఇమ్మని అడుగును. దానికి డిస్కును తగిలింపుమనును, నెట్‌వర్కు చిరునామాను ఇమ్మనును, ఆ యంత్రములోనికి స్వయముగా ప్రవేశించి అది బ్రతికియున్నదో లేదో చూచును, పిమ్మట అన్నిటిని తొలగింపుమనును. తప్పుడు కోరికలు కోరి, వానిని క్లౌడు మర్యాదగా నిరాకరించునో లేదో కూడ చూచును. పెరటిదారిని పోయి డేటాబేసును తెరచి చూచుట దాని నియమములకు విరుద్ధము. వాడుకరికి కనబడనిది తనకును కనబడరాదని దాని పట్టుదల. ఇది మాకు మిక్కిలి నచ్చిన గుణము. ఓపెన్‌స్టాక్‌ను వ్రాయువారు తమ ప్రోగ్రాములో ప్రధానమైన మార్పును చేర్చుటకు ముందు, చిన్న క్లౌడు నొకదానిని అప్పటికప్పుడు కట్టి, దానిమీద టెంపెస్టును నడపి చూచుట వాడుక. ఒక్క యంత్రముమీద కట్టిన అట్టి బొమ్మక్లౌడుకైనను, వేయి సర్వరుల క్లౌడుకైనను ఇదియే గీటురాయి.

ఇక స్థాపన విషయము. ఇది చెప్పుటకు పెద్దగా ఏమియు లేదు. టెంపెస్టు పైథాన్ భాషలో వ్రాయబడినది. క్లౌడు ద్వారములను చేరగల ఒక లినక్సు కంప్యూటరు చాలును; క్లౌడు లోపలి సర్వరులమీద దీనిని పెట్టవలసిన పని లేదు. ముందుగా పైథాన్‌కు ప్రత్యేకమైన గది నొకదానిని, అనగా వర్చువల్ ఎన్విరాన్‌మెంటును, ఏర్పరచుకొనవలెను. అట్లు చేయనిచో దీనికి కావలసిన ఉపగ్రంథములును, కంప్యూటరులో అదివరకే యున్న ఇతర ప్రోగ్రాముల ఉపగ్రంథములును ఒరసికొని రెండును చెడును. ఆ గదిలో పిప్ అను సాధనముచేత టెంపెస్టును తెప్పించుకొనవలెను. కాఫీ చల్లారులోపల ఈ పని ముగియును. ఓపెన్‌స్టాక్ యొక్క ఒక్కొక్క కూర్పునకు ఒక్కొక్క టెంపెస్టు ఉండదు. 2014 నాటి ఐస్‌హౌస్ కూర్పు మొదలుకొని, నిర్వహణలోనున్న కూర్పులన్నిటికిని ఒకే టెంపెస్టు పనికివచ్చునట్లు దానిని నడపుచున్నారు.

స్థాపించిన తరువాత ‘టెంపెస్ట్ ఇనిట్’ అను ఆదేశమిచ్చి, పరీక్షింపదలచిన క్లౌడునకు ఒక పేరు చెప్పినచో, ఆ పేరుతో ఒక పనిచోటు ఏర్పడును. దానిలో అమరికకొక అర, చిట్టాకొక అర ఉండును. రెండు క్లౌడులున్నవారు రెండు పనిచోటులను వేరువేరుగా పెట్టుకొనవలెను. ఇంతవరకు చదువుకొన్న పిల్లవాడెవడైనను చేయగలడు. అసలు పని ‘టెంపెస్ట్ కాన్ఫ్’ అను అమరికపత్రమును తెరచినప్పుడు మొదలగును.

ఇచ్చట ఒక సంగతిని నొక్కి చెప్పవలెను. ఇట్టి సాధనము తానే క్లౌడంతయు వెదకి, ఏ సేవలున్నవో, ఏవి లేవో కనుగొని, తదనుగుణముగా పరీక్షింపరాదా యని పలువురడుగుదురు. టెంపెస్టును నిర్మించినవారు ఈ మార్గమును బుద్ధిపూర్వకముగనే విడిచిపెట్టిరి. సాధనము తనంతట తాను ఊహించినచో ఆ ఊహ తప్పవచ్చును. తప్పినచో క్లౌడును గూర్చిన తీర్పే తప్పును. నెట్‌వర్కు సేవ చెడిపోయి పలుకకున్నప్పుడు, ‘ఇచ్చట నెట్‌వర్కు సేవయే లేదు కాబోలు’ నని తలచి దానిని వదలివేయు పరీక్షకుని ఏమనవలెను? కనుక ఏది ఉన్నదో మనమే వ్రాసియియ్యవలెను. ఉన్నదని వ్రాసినది పలుకకున్నచో టెంపెస్టు దానిని దోషముగ లెక్కించును. అమరికపత్రము ఒక వాఙ్మూలము వంటిదని మా తలపు. మన క్లౌడు ఏమేమి చేయగలదని మనము నమ్ముచున్నామో అది అందు లిఖితమగును. పరీక్ష ఆ వాఙ్మూలమును నిజముతో సరిచూచును.

ఆ పత్రమున వందలకొలది పంక్తులున్నను, మొదటినాడు పట్టించుకొనవలసినవి కొన్నియే. కీస్టోన్ చిరునామా యొకటి. నిర్వాహకుని పేరు, రహస్యపదము, ప్రాజెక్టు, డొమైను. పరీక్షాయంత్రములను ఏ ఇమేజీనుండి చేయవలెనో ఆ ఇమేజీ గుర్తు. ఈ పనికి సిర్రస్ అను మిక్కిలి చిన్న లినక్సు ఇమేజీని వాడుట ఆచారము. పెద్ద ఇమేజీని పెట్టినచో ప్రతి పరీక్షకును యంత్రము మేల్కొనువరకు కాచుకొని కూర్చుండవలసివచ్చును. తరువాత ఫ్లేవరు, అనగా యంత్రమునకు ఎంత జ్ఞాపకశక్తి, ఎంత డిస్కు ఇయ్యవలెనను కొలత. ఇమేజీని ఒక్కదానినే రెండుచోట్ల చూపినను సాగును గాని, ఫ్లేవరులను మాత్రము వేరువేరు కొలతలవి రెండు చూపవలెను. యంత్రమును ఒక కొలతనుండి మరియొక కొలతకు పెంచి చూచు పరీక్ష యున్నది. రెండును ఒకటే యైనచో ఆ పరీక్షకు అర్థము లేదు. పిదప బయటి ప్రపంచముతో కలుపు నెట్‌వర్కు గుర్తు. దీనిని పేరుగా గాక, పొడుగాటి గుర్తుసంఖ్యగా వ్రాయవలెను. ఆ సంఖ్యను చేతితో చూచి వ్రాయుచు ఒక అక్షరము జారవిడిచి, పూటంతయు నెట్‌వర్కును తిట్టుకొనువారు కలరు. అతికించుట మేలు.

ఇంకొకటి. పరీక్షాయంత్రములోనికి ప్రవేశించుటకు వాడవలసిన పేరు, మన మేమియు వ్రాయనిచో, ‘రూట్’ అని యుండును. సిర్రస్ ఇమేజీలో ఆ పేరు ‘సిర్రస్’. ఈ ఒక్క పంక్తిని మార్చుట మరచినచో, యంత్రము పుట్టును, చిరునామా పొందును, అంతయు సవ్యముగానే సాగును; చివర టెంపెస్టు తలుపు తట్టి తట్టి, మార్పక విడిచిన గడువైన 300 సెకండ్లు నిరీక్షించి, లోనికి పోజాలకపోతినని చెప్పును. చూచువారు నెట్‌వర్కులో దోషమున్నదని వైరులు వెదకుదురు. క్రొత్తగా ఈ పనిలో చేరిన యువకులు, ముఖ్యముగ హైదరాబాదులోను బెంగుళూరులోను రాత్రివేళల ఈ పరీక్షలను కాపుకాయు మన పిల్లలు, ఈ పంక్తిని ముందుగా చూచుకొందురుగాక.

ఇక ఖాతాల సంగతి. టెంపెస్టు పరీక్షలను ఒకదాని తరువాత ఒకటిగా గాక, కంప్యూటరులో ఎన్ని ప్రాసెసరులున్నవో అన్ని పాయలుగా, ఒక్కసారిగా నడపును. ఒకరి యంత్రములను మరియొకరు చూడకుండుటకై ఒక్కొక్క పరీక్షాసముదాయమునకు వేరు ఖాతాలుండవలెను. ఇందుకు రెండు మార్గములు. నిర్వాహకుని అధికారము నిచ్చినచో టెంపెస్టు కావలసిన ఖాతాలను తానే సృష్టించి, పని ముగిసినపిదప తానే తొలగించును. ఇది సుఖమైన మార్గము. కాని ఇతరుల క్లౌడును పరీక్షించువారికి అట్టి అధికార మెవ్వరిత్తురు? అప్పుడు ముందుగా కొన్ని ఖాతాలను చేయించుకొని, వాని పట్టికను ఒక పత్రములో వ్రాసి, ఆ పత్రము ఎచ్చటనున్నదో చెప్పవలెను. కొన్ని పరీక్షలకు ఇద్దరు వాడుకరులు కావలసియుండును. ఒకని సొత్తును మరియొకడు ముట్టలేడని చూపుట అట్టి పరీక్ష. కనుక పాయల సంఖ్యకంటె ఖాతాల సంఖ్య బాగుగ నెక్కువ యుండవలెను. చాలనిచో పరీక్షలు తడబడును. నిర్వాహకుని రహస్యపదము అమరికపత్రమున మరుగులేక పడియుండునని మరువరాదు. ఆ పత్రమును పదిమంది చదువు చోట ఉంచరాదు. సాయము కోరుచు దానిని యథాతథముగా ఇతరులకు పంపరాదు.

అమరిక యైన తరువాత వెంటనే పరీక్షలకు దిగక, ‘వెరిఫై కాన్ఫిగ్’ అను ఆదేశమును ఒకసారి ఇచ్చుట మంచిది. మనము వ్రాసినదానికిని, క్లౌడు ద్వారములు ప్రకటించుచున్నదానికిని భేదమున్నచో అది చెప్పును. చెప్పినదానిని గ్రుడ్డిగా పత్రములో చేర్చుకొనుట మాత్రము మేము మెచ్చము. భేద మున్నచోటనే ఆగి, తప్పెవరిదో విచారింపవలెను.

మొదటి పరీక్షగా ‘స్మోక్’ అను చిన్న తరగతిని నడపుదురు. క్రొత్త యంత్రమునకు తొలిసారి విద్యుత్తు నిచ్చి పొగ వచ్చునేమో చూచెడి అలవాటునుండి ఈ పేరు వచ్చినదందురు. అది కుదిరిన పిదప, పరీక్షల పేర్లలోని మాటనుబట్టి నెట్‌వర్కువి కొన్ని, డిస్కువి కొన్నియని ఏరి నడపవచ్చును. అన్నిటిని ఒక్కసారి నడపుటకు గంటలు పట్టును. చిన్న క్లౌడునకు ఊపిరాడదు. అప్పుడు పాయల సంఖ్యను తగ్గింపవలెను. ఒక్కొక్కటిగా నడపినప్పుడు గెలిచి, ఒక్కుమ్మడిగా నడపినప్పుడు ఓడిన పరీక్షను చూచి సాధనమును నిందింపరాదు. క్లౌడునకు శక్తి చాలదనియో, లోపల రెండు పనులు ఒకదానినొకటి త్రొక్కుచున్నవనియో అది చెప్పుచున్నదేమో చూడవలెను.

నడక ముగిసినంతనే ఒక లెక్క కనబడును: గెలిచినవి ఇన్ని, ఓడినవి ఇన్ని, దాటివేసినవి ఇన్ని. అధికారులు, నివేదిక వ్రాయువారు, ఓడినవాని గడిలో సున్న యున్నచో సంతోషించి సంతకము చేయుదురు. దాటివేసినవాని గడిని ఎవ్వరును చదువరు. మా మాట యేమనగా, ముందుగా చదువవలసినది ఆ గడినే.

దాటివేసిన పరీక్ష గెలిచిన పరీక్ష కాదు. అది జరుగనే లేదు. ‘ఈ సేవ మాకు లేదు’ అని అమరికపత్రమున వ్రాసియున్నందున టెంపెస్టు దానిని తాకక మర్యాదగా ప్రక్కకు తొలగినది. లేనిదానిని లేదనుట న్యాయమే. చిక్కు ఎట్లు వచ్చునో ఊహింపుడు. డిస్కులకు ప్రతులు తీయు సేవ యొకటి సిండర్‌లో కలదు. ఒక కార్యాలయమున దానిని స్థాపించినారు గాని అది సరిగా నడుచుట లేదు. దానికి సంబంధించిన పరీక్షలు ఓడుచున్నవి. రేపు పెద్దలు వచ్చి చూచెదరు. పని ఒత్తిడిలోనున్న యువకుడు ‘బ్యాకప్’ అను పంక్తి యెదుట ‘ఫాల్స్’ అని, అనగా ‘లేదు’ అని వ్రాయును. ఓటములు మాయమగును. తరువాత బాగుచేయవచ్చునని అతడు నిజముగనే అనుకొనును. పిమ్మట అతనికి వేరుచోటికి బదిలీ యగును. నివేదికలు ప్రతివారమును నిర్దోషముగ వచ్చుచుండును. ఎప్పుడో ఒకనాడు ఆసుపత్రివారి డిస్కు చెడి, ప్రతిని ఇమ్మని అడిగినప్పుడు ప్రతి యుండదు. ఇందులో అబద్ధమాడిన యంత్రమొక్కటియు లేదు. ‘లేదు’ అని మనమే వాఙ్మూలమిచ్చితిమి. టెంపెస్టు దానిని నమ్మినది.

కనుక నివేదికను అందుకొనువారు, యంత్రశాస్త్రము తెలియనివారైనను, ఒక్క ప్రశ్న వేయవచ్చును. దాటివేసినవి ఏవి, ఎందుచేత? ప్రతి పరీక్ష ప్రక్కను కారణము వ్రాసియే యుండును. మేము కొన్న సేవలలో ఏదైనను ఈ పట్టికలో కనబడుచున్నదా యని సరిచూచుటకు ఇంజనీరు కానక్కరలేదు.

ఇక మిగిలినది శుభ్రత. అన్నింటికంటె ప్రమాదమైన భాగము ఇదియే. టెంపెస్టు తాను చేసిన యంత్రములను, డిస్కులను తానే తొలగింప యత్నించును. అయినను నడుమ విద్యుత్తు పోయినను, పరీక్ష మధ్యలో విరిగినను, కొన్ని అనాథలుగా మిగిలిపోవును. అవి చోటును తినుచుండును. వీనిని ఊడ్చుటకు ‘టెంపెస్ట్ క్లీనప్’ అను ఆదేశము కలదు. ఈ చీపురు నిర్వాహకుని అధికారముతో ఊడ్చును. ఏది చెత్త, ఏది సొత్తు అనునది దానికి స్వయముగా తెలియదు. అందుచేత పరీక్షలకు ముందే, ఆ ఆదేశమునకు ‘ఇనిట్ సేవ్డ్ స్టేట్’ అను మాటను చేర్చి ఒకసారి నడపవలెను. అప్పుడు క్లౌడులో అంతకుముందున్న వస్తువుల జాబితా ఒక పత్రముగ నిలుచును. తరువాత ఊడ్చునప్పుడు ఆ జాబితాలోనివాటిని తాకదు. ఈ మొదటి మెట్టును దాటివేసినచో, పరీక్షలకు ముందునుండి యున్న ఇతరుల యంత్రములను, డిస్కులను కూడ అది తొలగింపవచ్చునని సాధనమును నిర్మించినవారే తమ పుస్తకమున హెచ్చరించియున్నారు.

జాబితా వ్రాసికొన్నంతమాత్రమున నిశ్చింత యనుకొనరాదు. ఉదయము తొమ్మిదింటికి జాబితా వ్రాసితిమి. పదింటికి వేరొక శాఖవారు తమకొక యంత్రమును చేసికొనిరి. సాయంకాలము ఊడ్చితిమి. ఆ యంత్రము జాబితాలో లేదు. చీపురు దృష్టిలో అది చెత్తయే. అందుచేత జనము వాడుచున్న క్లౌడుమీద ఈ ఆదేశమును ఇచ్చుటకు మేము ఒప్పము. అట్టిచోట ముందుగా ‘డ్రై రన్’ అను మాటతో నడపినచో, ఏమియు తొలగింపక, తొలగింపబోవు వస్తువుల పట్టికను మాత్రము వ్రాసి చూపును. దానిని ఒక మనిషి కూర్చుండి, పంక్తి పంక్తియు చదువవలెను. టెంపెస్టు తాను చేసిన వస్తువుల పేర్లకు ముందు ఒక గుర్తుమాటను చేర్చును. ఇటీవలి కూర్పులలో ఆ మాటతో మొదలగు పేర్లనే ఊడ్చుమని ఆదేశించు వీలును కల్పించినారు. ఇంటిలోని పాత్రలమీద పేర్లు చెక్కించు మన పాత అలవాటు ఇచ్చట అక్కరకు వచ్చినది. ఆ వీలున్నవారు దానినే వాడుట క్షేమము.

ఈ పనిని నేర్చుకొనదలచిన విద్యార్థులకు సొంత క్లౌడు ఎక్కడిదను సందేహము కలుగవచ్చును. డెవ్‌స్టాక్ అను ఏర్పాటు ఒక్క కంప్యూటరుమీద చిన్న ఓపెన్‌స్టాక్‌ను కట్టి, టెంపెస్టును కూడ దానికి తగినట్లు అమర్చి యిచ్చును. అది ఆ కంప్యూటరును మొదలంట మార్చివేయును గనుక, ఇంటిలెక్కలు, ఫొటోలు దాచుకొన్న కంప్యూటరుమీద దానిని పెట్టరాదు. విడిగా ఒక పాత యంత్రమునో, కల్పితయంత్రమునో కేటాయింపవలెను. దానిమీద అమరికపత్రమును తెరచి, ఒక్కొక్క పంక్తిని మార్చి, ఏ పరీక్షలు ఓడునో, ఏవి దాటివేయబడునో చూచుచు పోయినచో, వారము దినములలో ఈ సాధనము స్వభావము పట్టుబడును.

కొలువులోనున్నవారికి మరియొక్క సూచన. వేళాపాళా లేక ఓడు కొన్ని పరీక్షలను తాత్కాలికముగ ప్రక్కకు పెట్టుటకు మినహాయింపుల పట్టిక నొకదానిని ఉంచుకొనుట ఈ పనిలో మామూలే. ఆ పట్టికలో ప్రతి పేరు ప్రక్కను, దానిని ఎవరు, ఏ తేదీన, ఏ కారణమున చేర్చిరో వ్రాయవలెను. క్లౌడు కూర్పు మారినప్పుడు, క్రొత్త సర్వరులు చేర్చినప్పుడు, నెట్‌వర్కు మార్చినప్పుడు, పాత పట్టికను ముందుగా చదివి, దానిలోని పేర్లను ఒకసారి మరల పరీక్షకు నిలిపి, ఆపైన స్మోక్ తరగతిని నడపుట మొదలిడవలెను.